అన్నీ రెండ్లే ఉన్న పుస్తకం

చిన్నకోడలి మొదటి గెలుపు ఒక పెన్సిలు రబ్బరుతో వచ్చింది. అప్పటికి మూడు రోజులుగా ప్రెస్సులోని కంప్యూటరు మొండికేసి కూర్చుంది. మీట నొక్కితే లోపల పంకా తిరిగేది, మూడుసార్లు కీచుమని అరిచేది, తెర మీద మాత్రం చీమ తలకాయంత చుక్క కూడా వచ్చేది కాదు. కబురు పెడితే వచ్చిన మెకానిక్కు మూత కూడా విప్పకుండా, "దీని పని అయిపోయిందండీ, కొత్తది చూసుకోండి" అని టీ తాగి వెళ్లిపోయాడు. ఇంటికి రెండేళ్ల క్రితం కోడలిగా వచ్చి, వెనకగదిలో కాగితాలు మడతపెడుతూ ఉండే ఆ పిల్ల, పదో తరగతి చదువుతో, అటకమీద దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటరు పుస్తకాన్ని దింపింది. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో మాటా విప్పుకుంటూ రెండు రోజులు చదివింది. మూడు కీచులంటే జ్ఞాపకం పలకకు జబ్బు అని అందులో ఉంది. మూత విప్పింది. ఆ జ్ఞాపకం పలకను, జానెడుకన్నా కాస్త తక్కువ పొడవున్న పచ్చటి ర్యామ్ స్టిక్కును, బయటికి లాగింది. దాని అంచున ఉన్న బంగారురంగు పళ్లు మసిబారి ఉన్నాయి. బడి పిల్లల రబ్బరుతో వాటిని మెరిసేదాకా రుద్ది, మళ్లీ టక్కుమని కూర్చోబెట్టింది. తెర వెలిగింది.

"ఎవరు బాగుచేశారు?" అని అడిగారు పెద్దాయన. ఆయన ఆమెకు బావగారు, ప్రెస్సుకు యజమాని.

"మీ మరదలు. రబ్బరుతో తుడిచిందటండీ, తప్పు లెక్క తుడిచినట్టు" అన్నాడు కాగితాలు కోసే ముసలాయన. అందరూ ఆయన్ని కటింగు తాత అనేవారు.

ఆ రోజున పెద్దాయన తన చేత్తో కుర్చీ లాగి, "కూర్చో అమ్మాయ్, ఇక ఇది నీదే" అన్నారు. ఇరవై రెండేళ్లు ఆ కుర్చీ ఆమెదే అయింది.

ఆ ఇరవై రెండేళ్లలో ఆమె చేసినవి చెప్పుకోవాలంటే చేతివేళ్లు చాలవు. కరెంటు ఎగుడుదిగుడులకు కాలిపోయిన పవర్ బాక్సును పాత టేపురికార్డరు భాగాలతో బతికించింది. బడివాళ్ల పరీక్ష పత్రాలు నాలుగు వందల పేజీలు, ఒక్క వత్తు పోకుండా, పదకొండు రోజుల్లో కూర్చింది. వర్షం నీరు గదిలోకి వస్తే కంప్యూటరును నెత్తిన పెట్టుకుని మేడమెట్లెక్కింది. ఊళ్లో తక్కిన మూడు ప్రెస్సులవాళ్లు యంత్రం ఆగిపోతే ముందు ఆమెకే కబురు పెట్టేవారు, తరవాతే మెకానిక్కుకి. ఇందులో ఒక్కటీ ఆమె నోటివెంట వచ్చేది కాదు. అందుకే రాసి పెట్టాల్సి వస్తోంది.

ఆమెకొక పద్ధతి ఉండేది. ర్యామ్ స్టిక్కులు ఎప్పుడూ జతగానే కొనేది, ఒకే సైజువి, ఒకే వేగానివి, ఒకే పెట్టెలోంచి వచ్చినవి. కొన్న వెంటనే రెంటిమీదా ఒకే రంగు గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టేది. ప్రెస్సు కంప్యూటరులో ఉన్న జతకు నీలం చుక్క. "వీటికి బొట్టెందుకే?" అని తోటికోడలు నవ్వేది. "కవలలక్కా, ఒకదాన్నొకటి వదిలి ఉండలేవు" అనేది చిన్నకోడలు.

ఆ తోటికోడలికి, అంటే పెద్దకోడలికి, ఒక తమ్ముడున్నాడు. బజారులో కంప్యూటర్ల షాపు పెట్టాడు. ఏ మాట మొదలుపెట్టినా "స్పీడు కావాలండీ, స్పీడు" అనేవాడు కాబట్టి ఊరంతా వాడిని స్పీడు అనే పిలిచింది. వాడు అక్కను చూడ్డానికి వచ్చినప్పుడల్లా కంప్యూటరున్న ముందుగదిలోకి తొంగి చూసి, "ఇంకా ఈ ముసలి డబ్బానేనా చెల్లెమ్మా?" అని ఒక విసురు విసిరి పోయేవాడు.

బస్సుల ఆఫీసువాళ్లు ఆరు నెలలకోసారి బస్సు వేళల పుస్తకం అచ్చు వేయించేవారు. ఊరూరి బస్టాండులో అద్దాల పెట్టె పక్కన దారంతో వేలాడేది అదే. నాలుగు వేల ప్రతులు, ఆరు వందల పేజీలు, పేజీ నిండా అంకెలే. ఆ ఏడు పుస్తకం కూర్పు పూర్తిచేసి, ప్రూఫు మూడుసార్లు చదివి, ప్రతి పేజీ కింద ఎర్ర పెన్నుతో సంతకం పెట్టి, చిన్నకోడలు పుట్టింట్లో తల్లికి జ్వరమని రెండు రోజులు వెళ్లింది. ఆ రెండు రోజుల్లో స్పీడు ప్రెస్సుకి వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి కంప్యూటరు డబ్బా మూతకు అడ్డంగా వెండి రంగు స్టిక్కరు అంటించి ఉంది. 'చింపితే గ్యారంటీ చెల్లదు' అని దానిమీద అచ్చు.

"అన్నయ్యా, ఏం చేశారు దీన్ని?"

"పదహారు జీబీ ఉన్నదాన్ని ఇరవైనాలుగు చేశాను. ర్యామ్ పెంచాను చెల్లెమ్మా. బోర్డులో ఫాస్ట్ మోడ్ కూడా పెట్టేశాను. ఇప్పుడు చూడు, గుర్రంలా పరుగెత్తుద్ది."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే ఏం చెప్పేదానివి? బొట్టు పెట్టి హారతిచ్చేదానివి!" అన్నాడు. పెద్దకోడలు పకపకా నవ్వింది. పెద్దాయన కూడా పెదవి చివర చిన్నగా నవ్వారు. ఆ నవ్వు చిన్నకోడలికి లోపలెక్కడో గుచ్చుకుంది.

మర్నాడు ఆమె చివరి నిమిషంలో వచ్చిన మూడు లైన్లు సరిచేసి, ఆరువందల పేజీలూ ఒక్కసారి తెరిచి, అచ్చు ప్లేట్లు చేయించడానికి పంపింది. కంప్యూటరు నిజంగానే చకచకా నడిచింది. పుస్తకం అచ్చయింది. బస్టాండులకు వెళ్లింది.

నాలుగో రోజున బస్సుల ఆఫీసరు నేరుగా ప్రెస్సుకే వచ్చాడు. పొడుగాటి మనిషి, గొంతు లేపకుండా తిట్టే రకం.

"రోజుకి ఇరవైనాలుగు గంటలే అనుకున్నానండీ ఇన్నాళ్లూ" అని పుస్తకం తెరిచి బల్లమీద పెట్టాడు. "మీ ప్రెస్సులో ఇరవై ఏడు గంటల నలభై నిమిషాలకి కూడా బస్సుంది. ఎక్కుదామా?"

ఇరవై మూడు నలభై అని ఉండాల్సిన చోట ఇరవై ఏడు నలభై అని ఉంది. ఇంకో చోట ఎనిమిది పది కాస్తా తొమ్మిది పది అయింది. మరో చోట ఆరుంబావు బస్సు ఏడుంబావుకి మారింది. అలాంటివి పదమూడు. తొమ్మిది పదికని వచ్చి, గంట ముందే వెళ్లిపోయిన బస్సు కోసం ఎదురుచూసి కూర్చున్న జనం ఆఫీసు మీదికి వచ్చారట.

చిన్నకోడలు పరుగున వెళ్లి ప్రూఫు కట్ట తెచ్చింది. పదమూడు చోట్లా ప్రూఫులో సరిగ్గానే ఉంది. కింద ఆమె సంతకం ఉంది. "చూడండి బావగారూ, నేను కూర్చినప్పుడు ఇది ఇలా లేదు."

"ప్రూఫు తరవాత నువ్వు మళ్లీ తెరిచి మూడు లైన్లు దిద్దావు కదా?" అన్నాడు స్పీడు. వాడు ఆ పూట అక్కడే ఉన్నాడు. "అప్పుడే చెయ్యి తగిలి ఉంటది. కంప్యూటరుకేమన్నా వేళ్లున్నాయా, అదంతటదే అంకెలు కొట్టుకోడానికి?"

ఆ మాట అందరికీ తలకెక్కింది. ఆఫీసరుకి కూడా. యంత్రం తనంతట తాను ఒక అంకెను మార్చేస్తుందంటే ఎవరు నమ్ముతారు? ఆమె మగడు వెనకగదిలో అచ్చుయంత్రం తిప్పుతున్నాడు. ఒకసారి గుమ్మందాకా వచ్చాడు, అన్నగారి ముఖం చూశాడు, చేతులకున్న సిరా తుడుచుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు. దాన్నీ ఆమె మరిచిపోలేదు.

తప్పొప్పుల పట్టీ వేయాలని ఆఫీసరు తేల్చాడు. పెద్దాయన ఆ పట్టీ రాశారు. పైన పదమూడు సవరణలు, అడుగున ఒక వాక్యం: 'పై తప్పులు అక్షరాలు కూర్చిన మనిషి అజాగ్రత్త వల్ల దొర్లినవి.' పేరు వేయలేదు. వేయనక్కర్లేదు. ఊళ్లో ఆ ప్రెస్సులో అక్షరాలు కూర్చే మనిషి ఎవరో పాలవాడిక్కూడా తెలుసు.

"ఆ ఒక్క ముక్క తీసేయండి బావగారూ. పని మాన్పించండి, తిట్టండి. అజాగ్రత్త అని మాత్రం అచ్చు వేయకండి."

"ఆఫీసు పని అమ్మాయ్. వాళ్లకి ఎవరో ఒకరు కనపడాలి" అన్నారాయన ముఖం తిప్పుకుని.

బస్టాండులనుంచి పుస్తకాలు తిరిగి వచ్చాయి. పట్టీలు అంటించే పని చిన్నకోడలికే పడింది. ముందుగదిలో ఆమె కుర్చీలో పెద్దకోడలు కూర్చుంది, పిల్లలకు కథలు చెప్పేంత తీరిగ్గా ఒక్కో మీట వెతుక్కుంటూ కొట్టసాగింది. చిన్నకోడలు వెనకగదిలో నేలమీద, జిగురు గిన్నె పక్కన. నాలుగు వేల పుస్తకాలు, నాలుగు వేల పట్టీలు. పందొమ్మిది రోజులు పట్టింది. ప్రతి పట్టీ మీదా బొటనవేలితో గట్టిగా నొక్కేది. నొక్కినప్పుడల్లా 'అజాగ్రత్త' అన్న మాట వేలి కిందికి వచ్చేది. ఒక్కో నొక్కుకి ఒక్కోసారి స్పీడు ముఖం తలుచుకునేది.

"అంత గట్టిగా నొక్కితే అవతలి పేజీకి దిగుద్దమ్మా" అన్నాడు కటింగు తాత.

"దిగనీ తాతా. ఈ వాక్యం ఏ చేత్తో వేశారో ఆ చేత్తోనే తిప్పి వేయించుకుంటా. నాలుగు వేలూ. ఒక్కటి తక్కువైనా ఒప్పుకోను."

తాత కత్తి ఆపి ఆమెవైపు చూశాడు. ఇరవై రెండేళ్లలో ఆ గొంతు ఆయన వినలేదు.

పదో రోజున చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే ఒక ప్లాస్టిక్ తొడుగు చేతికి తగిలింది. కొత్త ర్యామ్ స్టిక్కు వచ్చిన తొడుగు. ఒకే ఒక్కటి పట్టే తొడుగు. దానిమీద పదహారు అని సైజూ, పక్కన వేగం అంకే ఉన్నాయి. ఆ వేగం తన జత వేగానికన్నా చాలా ఎక్కువ. చిన్నకోడలు అక్కడే వేళ్ల మీద లెక్క వేసింది. తన జత ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. వాడు చెప్పింది ఇరవైనాలుగు. ఎనిమిదీ పదహారూ కలిస్తే ఇరవైనాలుగు. అంటే జతలో ఒకదాన్ని పీకేసి, ఆ స్థానంలో ఈ పరాయిదాన్ని పెట్టాడు. ఊరికే పెడితే రెండూ నెమ్మదైనదాని వేగానికి దిగి, ఎలాగోలా నడిచేవేమో. కానీ ఫాస్ట్ మోడ్ పెట్టాడు. కోడెనీ ముసలి ఎద్దునీ ఒకే కాడికి కట్టి, కోడె పరుగెత్తినంత వేగంగా రెంటినీ అదిలించాడన్నమాట. చిన్న పనులప్పుడు తెలియదు. జ్ఞాపకం నిండిపోయేంత బరువు పడ్డప్పుడు ముసలిది తడబడుతుంది. ఆ తడబాటులో ఇక్కడొక అంకె, అక్కడొక అంకె జారిపోతుంది. మూడు ఏడవుతుంది. ఎనిమిది తొమ్మిదవుతుంది.

అప్పటికప్పుడు ముందుగదిలోకి వెళ్లి చెప్పేయొచ్చు. చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. స్పీడు ఎవరూ లేనప్పుడు మూత విప్పి, స్టిక్కు మార్చేసి, "చూశారా, ఏమీ లేదు" అంటాడు. పట్టీ అలాగే ఉంటుంది. నాలుగు వేల చోట్ల, దారాలకు వేలాడుతూ, అజాగ్రత్త, అజాగ్రత్త. అందుకని తొడుగును మడిచి జాకెట్టులో దాచుకుని, మళ్లీ జిగురు గిన్నె దగ్గర కూర్చుంది. ఆ రోజునుంచి ఆమె చేతికి పని తేలికైంది. కోపానికి ఒక దారి దొరికింది.

తరవాతి ఐదు నెలలూ ఆమెకు పండగలా గడిచాయి. ముందుగదిలో కంప్యూటరు వారానికి రెండుసార్లు గడ్డకట్టుకుపోయేది. పెద్దకోడలు తలబాదుకునేది. స్పీడు వచ్చేవాడు. "దుమ్మండీ" అని పంకా మార్చాడు. "వైరస్" అని అంతా తుడిచి మళ్లీ ఎక్కించాడు. "కరెంటు" అని పవర్ బాక్సు మార్చాడు. ఆఖరికి కిటికీలోంచి ఎండ పడుతోందని బల్లనే అటునుంచి ఇటు జరిపించాడు. చిన్నకోడలు తలుపు పక్కన కాగితాలు మడుస్తూ అన్నీ వింటూ ఉండేది. ఒక్కో సాకూ వినగానే ఒక్కో కాగితం మడత మీద గోటితో గీసేది, చాలా నున్నగా, చాలా తృప్తిగా.

"నీకు తెలుసు దానికేమైందో" అన్నాడొకరోజు కటింగు తాత.

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"ఇంకా ఉడకాలి తాతా."

తాత కళ్లజోడు మీదినుంచి చూసి, "అమ్మో, నిన్ను వంటింట్లో ఉంచక మంచిపని చేశారు" అన్నాడు.

ఆరో నెలలో ఆఫీసరు కొత్త వేళల కట్టతో వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే, "ఈసారి ఒక్క అంకె తప్పినా పని వేరే ప్రెస్సుకి పోతుంది. అంకెలకు ఎవరు పూచీ?" అన్నాడు.

పెద్దాయన స్పీడు వైపు చూశారు. స్పీడు తన అక్క వైపు చూశాడు. పెద్దకోడలు తెర వైపు చూసింది.

"నేను పూచీ" అంది చిన్నకోడలు గుమ్మంలోంచి. చేతికి ఇంకా జిగురు ఉంది. "కానీ ఈ యంత్రానికి కాదు. ముందు దీనికొక పరీక్ష పెట్టాలి. నేను ముట్టుకోను. అన్నయ్యే తన చేత్తో చేయాలి. మీరు పక్కనే ఉండి చూడాలి ఆఫీసరుగారూ."

"ఏం పరీక్ష?" అన్నాడు స్పీడు నవ్వుతూ.

"ఒక పుస్తకం కూర్చండి. ఆరు వందల పేజీలు. పేజీ నిండా రెండంకే, ఇంకేమీ వద్దు. ఒక పేజీ కొట్టి మిగతావి కాపీ చేయండి, ఐదు నిమిషాల పని. ప్రతి పేజీలో మీ బస్సుల రూట్ల మ్యాపు కూడా అతికించండి, బరువు పడాలిగా. దాచి, మూసి, మళ్లీ తెరిచి, అచ్చు తీయండి. అంతే."

"అన్నీ రెండ్లే ఉన్న పుస్తకం! ఎవరు చదువుతారే దాన్ని?" అంది పెద్దకోడలు.

"మనమే చదువుదాం అక్కా. రెండు కానిది ఏది కనిపించినా, అది ఎవరి వేలు కొట్టిందో అన్నయ్య చెప్తాడు."

ఆఫీసరు అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గెలిచేసినంత ధీమాతో స్పీడు చొక్కా చేతులు మడిచాడు. ఒక మీట నొక్కి పట్టుకున్నాడు, తెర నిండా రెండ్లు బారులు తీరాయి. కాపీ చేశాడు, మ్యాపులు అతికించాడు. యంత్రం మూలగసాగింది. దాచాడు, మూశాడు, తెరిచాడు. ముద్రణ మొదలైంది. వేడి వేడి కాగితాలు ఒకదాని వెంట ఒకటి రాలాయి. చిన్నకోడలు కట్టను ఐదు భాగాలు చేసి, పెద్దాయనకొకటి, ఆఫీసరుకొకటి, పెద్దకోడలికొకటి, తాతకొకటి, స్పీడుకే ఒకటి ఇచ్చింది. తను మాత్రం ఒక్క కాగితమూ తీసుకోకుండా గోడకానుకుని నిలబడింది.

అందరూ కాగితాలు తిప్పసాగారు. స్పీడు ఈల వేస్తున్నాడు.

"ఇదేంటిది?" అన్నాడు కటింగు తాత. కాగితాన్ని ముక్కుకానించుకున్నాడు. "నా కళ్లు పోయాయా, ఇక్కడొక ఆరు కూర్చుంది?"

ఆఫీసరు లాక్కుని చూశాడు. రెండ్ల వరుస మధ్యలో, సైనికుల్లో దొంగలా, ఒక ఆరు. తరవాత పెద్దాయనకు ఒక మూడు దొరికింది. పెద్దకోడలికి అంకె కూడా కానిది, నిలువుగా రెండు చుక్కలు దొరికాయి. మొత్తం పదిహేడు. స్పీడు కట్టలోనే ఐదు ఉన్నాయి. వాడు వాటిమీద బొటనవేలు పెట్టి కూర్చున్నాడు. ఆఫీసరు వేలు ఎత్తించి చూశాడు.

"ఈల ఆగిపోయిందేం బాబూ?" అన్నాడు తాత.

"ఇప్పుడు ఆ స్టిక్కరు చింపండి అన్నయ్యా" అంది చిన్నకోడలు.

"గ్యారంటీ పోద్ది..."

"ఎవరి గ్యారంటీ? మీదేగా. ఎలాగూ పోయింది."

పెద్దాయన తనే గోటితో స్టిక్కరు చింపారు. మూత తీశారు. లోపల రెండు స్టిక్కులు. ఒకదానిమీద నీలం చుక్క. రెండోది పొడుగ్గా, నల్ల తొడుగు వేసుకుని, చుక్క లేకుండా.

"దీని కవల ఏది?" అంది ఆమె.

స్పీడు నేల చూపులు చూశాడు. "షాపులో ఉంది. నా కంప్యూటరులో పెట్టుకున్నా."

చిన్నకోడలు జాకెట్టులోంచి ప్లాస్టిక్ తొడుగు తీసి, మడత విప్పి, పెద్దాయన ముందు పెట్టింది. వేగం అంకె మీద వేలు పెట్టి అంతా చెప్పింది, కోడెనీ, ముసలి ఎద్దునీ, ఫాస్ట్ మోడునీ. ఎప్పుడు దొరికిందో కూడా చెప్పింది.

"ఐదు నెలలనుంచీ తెలిసీ ఊరుకున్నావా?" అన్నారు పెద్దాయన నమ్మలేనట్టు.

"ఊరుకున్నాను బావగారూ. అజాగ్రత్త మనిషిని కదా."

స్పీడు స్కూటరు మీద షాపుకి పోయి రెండో నీలం చుక్కను తెచ్చాడు. వాడు తీసుకొచ్చి ఇచ్చేటప్పుడు చిన్నకోడలు వెంటనే చేయి చాపలేదు. వాడు చేయి చాచి అలాగే నిలబడేదాకా ఆగింది, తరవాత తీసుకుంది. జతను జతగా పెట్టి, వేగాన్ని మామూలుకు దింపింది. అదే ఆరు వందల పేజీలను మళ్లీ మొదటినుంచి కూర్పించి, అచ్చు తీసింది. ఎండ వాలేలోగా అందరూ మళ్లీ చదివారు. మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా రెండ్లే.

"ఏం కావాలమ్మా నీకు?" అన్నాడు ఆఫీసరు.

"ఇంకో పట్టీ. నాలుగు వేలు. పాత పట్టీ మీదే అంటించాలి." మాటలు ముందే కూర్చి పెట్టుకున్నట్టుంది, తడుముకోకుండా చెప్పింది: "'గత పట్టీలో అక్షరాలు కూర్చిన మనిషిదని చెప్పిన తప్పు ఆమెది కాదు. వేర్వేరు ర్యామ్‌లను కలిపి పెట్టిన కంప్యూటరు షాపు యజమాని అజాగ్రత్తది.' అజాగ్రత్త అన్న మాట మాత్రం మారకూడదు. అదే అక్షరం, అదే సైజు."

పెద్దకోడలు లేచి వచ్చి చేతులు పట్టుకుంది. "వద్దే. వాడి షాపు మూతపడుద్ది. సొంతవాడే. నా ముఖం చూసి వదిలేయవే."

"నేను పరాయిదాన్నా అక్కా? నా ముఖం ఎవరు చూశారు ఆ రోజు? నువ్వు నా కుర్చీ చూశావు."

"అమ్మాయ్, ఇంటి మనుషుల మధ్య..." అని పెద్దాయన మొదలుపెట్టారు.

"ఇంటి మనుషుల మధ్య అయితే ఇంట్లోనే తిట్టాల్సింది బావగారూ. మీరు అచ్చు వేశారు."

ఆఫీసరు తలూపాడు. పట్టీ అచ్చయింది. వెనకగదిలో అచ్చుయంత్రం తిప్పింది ఆమె మగడే. మొదటి కాగితం తనే తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె అక్షరాలు పరీక్షగా చూసి, "సిరా తక్కువైంది. మళ్లీ వేయండి" అంది. ఆయన మళ్లీ వేశాడు.

అంటించే పని స్పీడుది. పుస్తకాలు బస్టాండుల్లో దారాలకు వేలాడుతున్నాయి కాబట్టి వాడే ఊరూరూ తిరగాల్సి వచ్చింది, సంచినిండా పట్టీలు, చేతిలో జిగురు డబ్బా. వచ్చీపోయే జనం నిలబడి చదివి, "ఇది మీ షాపు గురించేనా?" అని అడిగేవారట. ఈ సంగతి తెచ్చి చెప్పినవాళ్లకు చిన్నకోడలు మంచి టీ ఇప్పించింది. జాలి పడలేదు. పడిందని రాస్తే అబద్ధమవుతుంది. పెద్దకోడలు ఆమెతో మాట మానేసింది. దానికీ ఆమె వెరవలేదు.

పెద్దాయన మళ్లీ కుర్చీ లాగి, "కూర్చో అమ్మాయ్" అన్నారు.

"కూర్చుంటా. ఇప్పుడే కాదు."

ఎందుకంటే ఆఫీసరు ఆమెకు వేరే పని అప్పజెప్పి వెళ్లాడు. బస్సుల ఆఫీసుకి పదకొండు డిపోలున్నాయి, డిపోకి రెండు కంప్యూటర్లు. ఎవరు ఏ స్టిక్కును ఎక్కడ కలిపారో ఎవరికీ తెలియదు. అన్నీ విప్పి, జతలు సరిచూసి, ఒక్కోదానిమీదా రెండ్ల పుస్తకం నడిపించి, సంతకం పెట్టి రావాలి. పదో తరగతి చదువుకున్న మనిషికి ఆఫీసు కాగితం మీద 'యంత్ర పరీక్షకురాలు' అని రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని ఆమె మగడు అచ్చుయంత్రం ఎదురుగా గోడకు అంటించుకున్నాడు.

బయలుదేరే రోజు పొద్దున్నే పెద్దాయన బస్సు దగ్గరికి వచ్చారు. బ్యాగు మోశారు. అంతకుముందు ఎప్పుడూ ఎవరి బ్యాగూ మోసిన మనిషి కాదు.

"కొత్త పుస్తకం ఎవరు కూరుస్తారమ్మా? మీ అక్క చేత..."

"ఆ గదికి తాళం వేసి ఉంచండి. నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అక్క కూడా."

"ఆఫీసరు పుస్తకం అడుగుతాడే?"

"నన్ను పంపిందీ ఆయనే. ఆగుతాడు. మీరూ ఆగండి. నేను ఆరు నెలలు ఆగలేదూ?"

బస్సు కదిలాక ఆయన కిటికీ వెంట నాలుగడుగులు నడిచి, "ఎప్పటికి వస్తావో చెప్పు తల్లీ, తలుపు మీద రాసిపెట్టాలి, జనం అడుగుతున్నారు" అన్నారు. ఆమె వెంటనే చెప్పలేదు. ఒక్కో డిపోకి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టింది, దానికి తనకోసం ఇంకో రెండు రోజులు కలుపుకుంది, ఆయన ఇంకాస్త నడిచేదాకా ఆగి, అప్పుడు తేదీ చెప్పింది.

పెద్దాయన ప్రెస్సుకి వచ్చి, ముందుగది తలుపుకి తాళం వేసి, సుద్దముక్కతో స్వయంగా రాశారు: అక్షరాలు కూర్చు గది మూసి ఉన్నది. యంత్ర పరీక్షకురాలు గారు తిరిగి వచ్చు రోజు నవంబరు పదిహేడు, మంగళవారం.